బందరు కోటను మోసిన వేరు

మచిలీపట్నం చరిత్ర మీద తెలుగులో ఏ వ్యాసం తెరిచినా వరస ఒక్కటే. 1605లో వలందులు వచ్చారు, 1611లో ఆంగ్లేయులు వచ్చారు, 1669లో పరాసులు వచ్చారు. గిడ్డంగులు కట్టారు, కోట కట్టారు, తమలో తాము కొట్టుకున్నారు, వెళ్ళిపోయారు. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి సుమారు ముప్ఫై వేలమందిని పొట్టన పెట్టుకుంది. చివర ఒక నిట్టూర్పు, "ఎంతటి వైభవం, ఎలా అయిపోయింది" అని. మధ్యలో ఎక్కడో కలంకారీకి ఒక వాక్యం. అంతే సంగతులు.

తేదీల మీద నాకు పేచీ లేదు, తేదీలన్నీ సరైనవే. నా అభ్యంతరం వాక్యాల కర్త మీద. ఆ వాక్యాల్లో వచ్చినవాళ్ళందరూ కర్తలు, ఊరు మాత్రం వట్టి రంగస్థలం. వచ్చినవాళ్ళు ఇక్కడ ఏ సరుకు మీద బతికారు, ఏది కొని ఎక్కడ అమ్మి తమ ఖర్చు గడుపుకున్నారు, ఆరు నెలలు సముద్రం మీద ప్రాణాలు పణంగా పెట్టి ఈ బురద తీరానికే ఎందుకు వచ్చారు అన్న ప్రశ్న మన వ్యాసకర్తలు వెయ్యరు. వేస్తే దొరికే జవాబు చాలా చిన్నది. ఇసుకలో నేలను అంటిపెట్టుకుని మొలిచే ఒక పిచ్చిమొక్క, దాని కింద సన్నని పొడుగాటి వేరు. తెలుగులో దాని పేరు చిరివేరు. తమిళంలో సాయవేరు, ఇంబూరల్. ఐరోపావాళ్ళ లెక్కల పుస్తకాల్లో 'చే' వేరు. వృక్షశాస్త్రంలో ఓల్డెన్‌లాండియా అంబెల్లేటా. ఈ టపా ఆ వేరు తరఫున వకాల్తా.

బందరులో వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది, పరాసుపేట ఉంది. కొనడానికి వచ్చిన మూడు జాతుల పేర్లూ ఊరి పేటలకు ఎక్కాయి. వలందుల సమాధులు పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్నాయి. వాళ్ళు కొన్నదాని పేరు మాత్రం ఏ వీధికీ ఎక్కలేదు. అంగడికి వచ్చిన బేరగాళ్ళ పేర్లు గోడకు చెక్కి సరుకు పేరు మరిచిపోయిన ఊరు లోకంలో ఇంకొకటి ఉంటుందా?

మొదట ఒక అపోహ తొలగించాలి. కుంఫిణీవాళ్ళు మన దేశపు గుడ్డలు తొడుక్కోవాలని మొదట రాలేదు. వాళ్ళకు కావలసింది మిరియాలు, లవంగాలు, జాపత్రి, జాజికాయ. అవి దొరికేది జావా, సుమత్రా, మొలక్కా దీవుల్లో. ఆ దీవుల జనానికి ఇంగ్లండు ఉన్ని బట్టలతో పని లేదు; ఉక్క పోసే ఎండలో ఉన్ని కట్టుకునేవాడెవడు? వాళ్ళు తరతరాలుగా కోరి కట్టుకుంటున్నది కోరమండల్ తీరపు రంగుల నూలు గుడ్డ. లవంగం కావాలంటే ముందు చేతిలో బందరు గుడ్డ ఉండాలి. వెండి ఇచ్చినా తీసుకునేవారే కానీ, వెండి ఇచ్చి గుడ్డ కొని, గుడ్డ ఇచ్చి సుగంధ ద్రవ్యం కొంటే మధ్యలో మిగిలే లాభం వేరు. ఈ కిటుకు అరబ్బులకు, గుజరాతీలకు, మన తీరపు కోమట్లకు ముందే తెలుసు. ఐరోపావాళ్ళు ఆలస్యంగా నేర్చుకున్నారు.

1611 ఆగస్టులో 'గ్లోబ్' అనే ఓడ మన తీరానికి వచ్చింది. ఆంగ్ల కుంఫిణీవారి ఏడవ యాత్ర అది. దాన్ని నడిపించిన వర్తకులు పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంతునిస్ ఇద్దరూ నిజానికి వలందులే. పూర్వం డచ్చి కుంఫిణీలో ఉండి ఈ వ్యాపారపు లోతుపాతులు తెలుసుకున్నవాళ్ళు. అందుకే వాళ్ళు తిన్నగా మిరియాల దీవులకు పోలేదు. ముందు పులికాట్ వెళ్ళారు. డచ్చివారు అక్కడ నిలవనివ్వలేదు. తరువాత పెద్దపల్లికి వచ్చారు. అదే నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం, విదేశీయుల నోట 'పెటపోలి'. అక్కడినుంచి బందరు. గుడ్డలు కొని బాంటం, పటానీ, సయాం రేవుల్లో అమ్మారు. సూరత్తులో ఆంగ్లేయులు స్థిరపడకముందే బందరులో వాళ్ళ కొట్టు వెలిసిందంటే కారణం ఇదీ. తూర్పు తీరంలో తొలి ఇంగ్లీషు స్థావరం అని మనం గర్వంగా చెప్పుకునేది అసలు ఒక బట్టల కొనుగోలు కేంద్రం.

సరే, గుడ్డలు దేశమంతటా నేసేవారు కదా, బందరు గుడ్డ ప్రత్యేకత ఏమిటి? ఎరుపు.

నూలు మీద ఎరుపు నిలపడం ఎంత కష్టమో రంగులతో పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది. ఉన్ని, పట్టు జంతువుల నుంచి వచ్చేవి. రంగును సులువుగా పట్టుకుంటాయి. నూలు పట్టుకోదు. ఆనాటి ఐరోపాలో నూలు గుడ్డ మీద వేసిన రంగు రెండు ఉతుకులకు పోయేది. బందరు ఎరుపు ఉతికేకొద్దీ తేటపడేది. దాని వెనక మన రంగరుల చేతిపని ఉంది. గుడ్డను కరక్కాయ నీళ్ళూ గేదెపాలూ కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకోవడానికి, పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఉండడానికి. ఎర్రగా రావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. తరువాత చిరివేరు వేసిన కాగులో గుడ్డను మరిగిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు పడుతుంది; తగలని చోట అంటిన మరక పారే నీటిలో ఉతికి, పేడనీటిలో నానబెట్టి, ఎండలో పరిస్తే పోతుంది. చూడండి ఇందులోని చమత్కారం: అద్దేవాడు గుడ్డ మీద రాసేది ఎరుపును కాదు. కంటికి సరిగా ఆనని పటిక నీటితో బొమ్మ వేస్తాడు, ఆ బొమ్మను వేరు బయటపెడుతుంది. నలుపుకు ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు, నీలానికి నీలిమందు. అవి ఇతర చోట్లా ఉన్నాయి. ఎరుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ కృష్ణ ఒడ్డుకు రావలసిందే.

ఎందుకు కృష్ణ ఒడ్డుకే? చిరివేరు దక్షిణ తీరమంతటా మొలుస్తుంది, సింహళంలోనూ మొలుస్తుంది. అయితే అన్నిటిలోకీ మేలైనదిగా పేరు పొందింది కృష్ణా ముఖద్వారపు వేరు. సముద్రపు గవ్వలూ గుల్లలూ చితికి కలిసిన ఇసుకలో సున్నం ఎక్కువ. పటికలోని అల్యూమినియం, నేలలోని కాల్షియం, వేరులోని రంగు పదార్థం మూడూ జతకూడితేనే నిగనిగలాడే ఎరుపు. గుల్లల సున్నం తాగి పెరిగిన వేరు ఆ మూడింటిలో రెండింటిని తనతోనే తెచ్చేది. ఏ చక్రవర్తి ఫర్మానా ఇచ్చినా, ఏ కుంఫిణీ ఓడ పంపినా దీన్ని ఇంకో చోటికి మార్చడం కుదరలేదు. స్థావరం వేరు దగ్గరికి రావలసి వచ్చింది.

ఇప్పుడు ఒక పోలిక చెబుతాను. అమెరికా చరిత్ర చదివినవాళ్ళకు జేమ్స్‌టౌన్ తెలుసు. 1607లో వర్జీనియా తీరంలో ఆంగ్లేయులు పెట్టిన ఊరు అది. 1609-10 చలికాలంలో ఆకలితో మాడి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే అతను కరిబియన్ దీవుల పొగాకు విత్తనం నాటాడు. దానితో ఆ ఊరు నిలబడింది. వాణిజ్య పంట ఒక వలస స్థావరాన్ని బతికించడానికి ప్రపంచమంతా ఇచ్చే ఉదాహరణ అదే. వాళ్ళ పాఠ్యపుస్తకాల్లో పొగాకుకు ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి.

సరిగ్గా అవే సంవత్సరాల్లో, అదే లండను నగరపు వర్తకుల డబ్బుతో బందరు స్థావరం నడిచింది. గ్లోబ్ ఓడ మన తీరానికి చేరిననాడు ఈస్టిండియా కుంఫిణీకి గవర్నరు సర్ థామస్ స్మైత్. వర్జీనియా కుంఫిణీ కోశాధిపతి, అంటే దాని పెద్ద, కూడా సర్ థామస్ స్మైతే. ఒకే మనిషి ఒక చేత్తో పొగాకు ఊరినీ ఇంకో చేత్తో చిరివేరు ఊరినీ నడిపాడు. మొదటిదాని కథ ప్రపంచానికి తెలుసు, రెండవదాని కథ బందరువాళ్ళకే తెలియదు.

ఈ తేడాకు కారణం నా దృష్టిలో ఇది. జేమ్స్‌టౌన్‌లో ఆంగ్లేయుడు తానే నాటాడు. నేల లాక్కున్నాడు, 1619 నుంచి ఆఫ్రికనుల చేత చాకిరీ చేయించాడు, ఆ పంటను తన పంటగా రాసుకున్నాడు. బందరులో నాటినవాడూ తవ్వినవాడూ అద్దినవాడూ మనవాళ్ళే. ఆంగ్లేయుడు వట్టి కొనుగోలుదారు. కొనుగోలుదారు పద్దు పుస్తకంలో గుడ్డ పేరుంటుంది, మూరలుంటాయి, ధర ఉంటుంది. మొక్క ఉండదు. చరిత్రను ఆ పద్దు పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్నాము గనుక మన కథలోనూ మొక్క లేకుండా పోయింది. పరాయివాడి చిట్టాలో లేనిది మన జ్ఞాపకంలోనూ లేకపోవడమే అసలైన బానిసత్వమని నేనంటాను.

ఇక్కడ కొందరు మిత్రులు వేయగల ప్రశ్నలు నాకు తెలుసు. చిరివేరు అడవి మొక్క గదా, దాన్ని పంట అనవచ్చునా? అనవచ్చును. అడవిగా మొలిచిందీ తవ్వేవారు, విత్తి పెంచిందీ తవ్వేవారు. 1795లో వెలువడడం మొదలైన 'కోరమండల్ తీరపు మొక్కలు' గ్రంథంలో విలియం రాక్స్‌బర్గ్ దాని సాగును వర్ణించాడు. అడవి వేరుకే రంగు ఎక్కువని కూడా అన్నాడు. అమ్మకం కోసమే విత్తి, అమ్మకం కోసమే తవ్వి, తిండికీ మేతకూ పనికిరానిదాన్ని వాణిజ్య పంట అనక మరేమంటాం?

రెండవ ప్రశ్న: తెల్లగుడ్డ, నీలిమందు, వజ్రాలు, బియ్యం, ఇవన్నీ లేవా? ఉన్నాయి. కుంఫిణీవారు తెల్లగుడ్డ చాలానే కొన్నారు, కాలం గడిచేకొద్దీ అదే ఎక్కువ కొన్నారు. కానీ తెల్లగుడ్డ ఎన్నో చోట్ల దొరికేది. స్థావరం పాతుకునే తొలి దశాబ్దాల్లో, బాంటం పెద్దల అజమాయిషీ కింద బందరు కొట్టు నడిచిన రోజుల్లో, దానికి ప్రత్యేకమైన విలువ తెచ్చిపెట్టింది దీవుల జనం కోరిన ఎర్రగుడ్డ. ఇల్లు కట్టాక వాసాలు మార్చుకోవచ్చు; మొదట పునాది దేని మీద పడిందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇక రెండు రకాల కట్టుకథల సంగతి. వాటిని తుంచకపోతే నేను చెప్పినదాన్ని ఇటువాళ్ళూ అటువాళ్ళూ తమకు అనువుగా వాడుకుంటారు.

మొదటి కట్టుకథ: కుంఫిణీవారే మనకు వ్యాపారం నేర్పారు, బందరును రేవుపట్నంగా చేశారు. ఇది శుద్ధ అబద్ధం. వాళ్ళు వచ్చేనాటికే బందరు గోలకొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. పారశీకానికీ, అరకానుకూ, పెగూకూ, ఆచేకూ ఇక్కడినుంచి ఓడలు పోయేవి. ఆంగ్లేయుడు నడుస్తున్న సంతలోకి సంచి పట్టుకుని వచ్చాడు.

రెండవ కట్టుకథ మన దేశభక్తులకు ప్రియమైనది: తెల్లవాడు రాకముందు మన చేతిపనివాళ్ళు స్వర్గంలో ఉండేవారు, వాడొచ్చి చెడగొట్టాడు. ఇదీ చెల్లదు. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న విలియం మెత్‌వోల్డ్ గోలకొండ రాజ్యం గురించి రాసిన వృత్తాంతం 1626లో అచ్చయింది. చిరివేరు రాజుగారి సొంత సరుకు అని అతను స్పష్టంగా రాశాడు. అంటే రైతు ఇష్టం వచ్చినవాడికి అమ్ముకునే వీలు లేదు. రంగరి ఇష్టం వచ్చిన ధరకు కొనుక్కునే వీలూ లేదు. రేవులూ పరగణాలూ ఏటేటా వేలంలో గుత్తకు పోయేవి. ఎక్కువ పాడినవాడికి అధికారం. పాడిన సొమ్ము కింద నుంచి పిండాలి, పిండలేకపోతే పైనుంచి దెబ్బలు. 1614లో బాకీ పూర్తిగా చెల్లించలేని బందరు అధికారిని వీపు మీదా పొట్ట మీదా అరికాళ్ళ మీదా బెత్తాలతో కొట్టి చంపారని మెత్‌వోల్డ్ రాశాడు. అధికారి గతే అదైతే, అతని కింద ఇసుకలో గునపం పట్టుకున్నవాడి గతి ఊహించుకోవడానికి కవిత్వం అక్కర్లేదు. పైన 1630-32 నాటి మహా కరువు. గుజరాతు, దక్కనులతో పాటు మన తీరాన్ని కూడా అది ఊడ్చింది. సాలెవాళ్ళూ చాకళ్ళూ కుప్పలుగా చచ్చారు. అదే కరువు కాలంలో, 1632లో, అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్లేయులకు బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు కడితే చాలు, రాజ్యంలోని రేవుల్లో సుంకం లేకుండా వ్యాపారం చేసుకోవచ్చు. తవ్వేవాడి మీద గుత్తేదారు, అమ్మేవాడి మీద సుంకందారు, కొనేవాడికి మాత్రం మినహాయింపు. ఇది తెల్లవాడు కత్తి చూపించి రాయించుకున్నది కాదు, మన ప్రభువు మురిసి ఇచ్చింది.

సింహళంలో డచ్చివారు ఇంకొక మెట్టు ఎక్కారు. యాళ్పాణం, మన్నారు ప్రాంతాల్లో చిరివేరు తవ్వకాన్ని తమ గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుని, తవ్వే కులాలవారి చేత వెట్టిగా తవ్వించారు. పొగాకుకు ఆఫ్రికను బానిస, చిరివేరుకు వెట్టి కులం. పంట మారినా కింద ఉన్నవాడి బతుకు మారలేదు.

మరి ఈ వేరు ఎలా పోయింది? ఆంగ్లేయుడు సాలెవాళ్ళ బొటనవేళ్ళు నరికాడన్న కథతో సరిపెట్టుకోవద్దు. అసలు కథ అంతకన్నా నెమ్మదిగా, అంతకన్నా క్రూరంగా నడిచింది. ఐరోపా జనం బందరు ఛీంటు గుడ్డల మీద ఎంత మోజుపడ్డారంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతవాళ్ళు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్సు అద్దకపు గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. తలుపులు అలా మూసుకుని లోపల మన విద్యను నేర్చుకోవడం మొదలుపెట్టారు. 1742లో కేర్దూ అనే జెస్యూట్ పాదిరీ అద్దకపు విధానం మొత్తాన్ని, కరక్కాయ దగ్గరనుంచి చివరి ఉతుకు దాకా, ఉత్తరంగా రాసి పంపాడు. అతనికి ఆ రహస్యం చెప్పింది కొత్తగా మతం పుచ్చుకున్న అద్దకపు పనివాళ్ళు. తెలుగు-ఫ్రెంచి నిఘంటువు కూర్చినవాడని, సంస్కృత లాటిను భాషల బంధుత్వాన్ని గుర్తించినవాడని మనం గౌరవంగా తలుచుకునే కేర్దూ ఇతనే. తలుచుకోవలసిందే. కానీ ఆ ఉత్తరాన్ని కూడా తలుచుకోవాలి. 1759లో ఫ్రాన్సు నిషేధం ఎత్తేసింది. అప్పటికి వాళ్ళు స్వయంగా అద్దుకోగలిగే స్థితికి వచ్చారు. అదే 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డు బందరు కోటను పరాసుల నుంచి గెలుచుకున్నాడు. కోట గెలిచిన కథ మన పుస్తకాలన్నిటిలో ఉంది. గుడ్డ ఓడిన కథ ఎక్కడా లేదు.

ఆఖరి దెబ్బ కొట్టింది సిపాయి కాదు, రసాయన శాస్త్రజ్ఞుడు. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మనులు అలిజరిన్ అనే పదార్థాన్ని తారులోంచి తయారుచేసే మార్గం కనిపెట్టారు. 1869లో జర్మనులూ, ఇంగ్లండులో పెర్కిన్ ఒక్క రోజు తేడాతో దాని మీద పేటెంటు దరఖాస్తులు పెట్టారు. అలిజరిన్ అంటే మరేమిటో కాదు, మన చిరివేరులో, ఐరోపావాళ్ళ మంజిష్ఠలో దాగిన ఎరుపు అదే. రెండేళ్ళు ఇసుకలో ఎదిగితే తప్ప తయారుకాని వస్తువు పీపాల్లో ఓడలెక్కి వచ్చింది. 1864 ఉప్పెన బందరు ఇళ్ళను ముంచింది, ఆ తరువాత ఈ పీపా బందరు వేరును ముంచింది. మొదటిదానికి స్మృతి ఉంది, రెండవదానికి లేదు.

నేడు పెడనలో కలంకారీ అచ్చులు పడుతున్నాయి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి ఎరుపుకు పటిక ఉంది, కరక్కాయ ఉంది, కాగు ఉంది, పారే నీళ్ళ ఉతుకు ఉంది. కాగులో పడేది మాత్రం చాలావరకు అలిజరిన్. ఆ పనివాళ్ళను నేను నిందించను. రోజుకూలీ లెక్కన బతికేవాడు వేరు దొరకని కాలంలో వేరుతోనే అద్దాలని ఒత్తిడి చెయ్యడానికి మనమెవరం? నా కోపం పట్నాల్లో అద్దాల కొట్లు పెట్టుకుని, అదే గుడ్డకు "వేల ఏళ్ళ నాటి స్వచ్ఛమైన ప్రకృతి రంగులు" అని చీటీ కట్టి పదింతలు ధర వేసేవాళ్ళ మీద. ఆ చీటీలో వేరు పేరుండదు, పెడన మనిషి పేరుండదు, వట్టి 'ప్రకృతి' ఉంటుంది. పేరు చెప్పకుండా చేసే పొగడ్త దొంగతనానికి దగ్గర చుట్టం.

పొగడ్తల సంగతి వచ్చింది గనుక ఇంకొక మాట. మస్లిన్ అన్న మాట మన మసూలాలోంచే పుట్టిందని తెలుగులో తరచు రాస్తుంటారు. నిఘంటుకారులు దాన్ని ఇరాకులోని మోసుల్ పట్టణం దగ్గరికి తీసుకుపోతారు. లేని గొప్పకోసం ఇంత ఆరాటపడే మనం ఉన్న గొప్పను ఇసుకలో వదిలేశాం.

"ఎప్పుడో పోయిన వేరు కోసం ఇంత రభస దేనికి?" అంటారేమో. బందరు నుంచి పెడన మీదుగా కృత్తివెన్ను వైపు 216వ నెంబరు జాతీయ రహదారి మీద ప్రయాణం చేసి చూడండి. వరిచేలు సన్నబడి చెరువులు మొదలవుతాయి. చేపల చెరువులు, రొయ్యల చెరువులు, గిరగిర తిరిగే ఏరేటర్లు. 2009లో మన దేశంలో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక ఈ తీరపు బతుకు దాని చుట్టూ తిరగసాగింది. ఈ రొయ్యను తినేవాడు ఎక్కువగా అమెరికాలో ఉన్నాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ దేశం ముఖం ఎరగని కృత్తివెన్ను రైతు తన చెరువు గట్టు మీద నిలబడి లెక్కలు వేసుకోవలసి వచ్చింది. 1686లో, 1721లో బందరు రంగరికి జరిగింది ఇదే. వేల మైళ్ళ అవతల ఎవడో ఒక కాగితం మీద సంతకం చేస్తాడు, ఇక్కడ కాగు కింద మంట ఆరుతుంది. ఒక్క సరుకు, ఒక్క దిక్కు అమ్మకం, ధర చెప్పేది అవతలివాడు. చిరివేరు కథ తెలిసిన తీరం ఈ రొయ్యను కొంచెం అనుమానంగా చూసి ఉండేది. మరిచిపోయింది గనుక సంబరంగా చూసింది. నేను రొయ్య వద్దనడం లేదు. నాలుగు వందల ఏళ్ళనాడు ఇదే ఇసుక మీద ఇదే పందెం ఆడామని, అప్పుడు లాభం ఎవరికి చేరిందో చూసుకుని ఆడమని అంటున్నాను.

చరిత్ర పుస్తకాలు తిరగరాయమని ప్రభుత్వానికి విన్నపాలు పంపడం నా పని కాదు. మన చేతిలో ఉన్నవి చెబుతాను. బందరు గురించి రాసేటప్పుడు "ఆంగ్లేయులు స్థావరం ఏర్పరచిన ఊరు" అని మొదలుపెట్టకండి. "చిరివేరు ఎరుపు కోసం ఆంగ్లేయులు వెతుక్కుంటూ వచ్చిన ఊరు" అని మొదలుపెట్టండి. వాక్యంలో కర్త మారితే చరిత్ర సగం మారుతుంది. పెడనలో, పోలవరంలో, బందరు పేటల్లో మీకు చుట్టాలుంటే, అద్దకపు పనిలో ముసలివాళ్ళు వాడే మాటలు రాసి పెట్టండి. ఏ కాగుకు ఏ పేరు, ఏ ఉతుకుకు ఏ పేరు, ఏ ఎరుపుకు ఏ పేరు. ఆ మాటలు నిఘంటువుల్లోకి ఎక్కకుండానే పోతున్నాయి. మన భాషకు అది మస్లిన్ పోయినదానికన్నా పెద్ద నష్టం. కృత్తివెన్ను దగ్గర చినగొల్లపాలెం ఇసుకల్లోనో, నిజాంపట్నం తీరంలోనో ఆ మొక్క ఆకు, పువ్వు గుర్తుపట్టి పిల్లలకు చూపించగలిగిన వృక్షశాస్త్రం మేష్టారు ఒక్కరున్నా చాలు, ఒక అధ్యాయం తిరిగి వచ్చినట్టే.

బందరు కోట ఇటుకల్ని అందరూ ఫొటోలు తీస్తారు. ఆ ఇటుకలకు సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాడు కనపడడు. ఈసారి ఎవరైనా మీ ముందు కుంఫిణీ కట్టిన బందరు అని నోరు జారితే, ఒక్క ప్రశ్న అడగండి: కట్టడానికి ముందు వాళ్ళు ఇక్కడ కొన్నదేమిటి? జవాబు వాళ్ళకు రాకపోతే మీరు చెప్పండి. మూడక్షరాల మీద ఒకటి, నాలుగే అక్షరాలు. చిరివేరు.